అక్క రాయని పరీక్ష

మా చిన్నప్పుడు... నేను ఏడో తరగతిలో ఉండగా, జూన్‌లో ఒక సోమవారం ఉదయం, చేతిలో హాల్ టికెట్ ఉన్నా మా అక్క ఫైన్ ఆర్ట్స్ ప్రవేశ పరీక్షకు వెళ్లలేదు. అదే ఉదయం పాలిటెక్నిక్ కౌన్సెలింగ్ ఉంది. నాన్న ఆమెను అక్కడికి తీసుకెళ్లారు.

అప్పట్లో ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండేవాళ్లం. నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టర్. అక్క దేనిమీదైనా బొమ్మలు గీసేది... శుభలేఖల వెనక, గచ్చు మీద. ఒకసారి అమ్మ వడియాలు పెట్టిన పాత చీర అంచున బొగ్గుతో కాకిని గీసింది. అమ్మ తిట్టింది. ఆ రోజు వడియాల మీద కాకి వాలలేదు.

కౌన్సెలింగ్‌కు వారం ముందు, తన ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్‌లో యంత్రాల నక్షలు గీసే స్నేహితుణ్ని నాన్న ఇంటికి పిలిచారు. ఆయన జేబులోంచి ఒక బోల్టు తీసి స్టూలు మీద పెట్టి, గీయమన్నారు.

అక్క గీసింది... తుప్పు, చుట్ల మీద మెరుపు, స్టూలు మీద పడ్డ నీడ.

"మస్తుగుంది బిడ్డా. గని నీడతోని మాకేం పని? కొలతలు గావాలె," అన్నారాయన.

నాన్న మాత్రం ఊపిరి పీల్చుకున్నారు. "చూసినవా? బోల్టు గీసినా బొమ్మనే గద! జీతం సుత ఇస్తరు."

అక్క రబ్బరు తీసుకుని నీడ చెరిపేసింది.

డిప్లొమా అయ్యింది. డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతోనే సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకుంది. నాన్న తప్పు చేశారని నేను రాయలేను.

ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ఇంజినీరింగ్‌లో ర్యాంకు వచ్చింది. అదీ బొమ్మలు గీస్తుంది. వారంగా మా ఇంట్లో అన్నాల దగ్గర ఇదే వాదన... ఫైన్ ఆర్ట్స్ పరీక్ష రాయాలా, వద్దా. ఏటా పేపర్లో అడ్మిషన్ల వార్తలు రాసేవాణ్ని... "నువ్వే చెప్పు డాడీ" అని అది అడిగితే అత్తను అడిగి చెబుతానన్నాను.

నిన్న అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఆ పరీక్ష రాసుంటే మంచిగుండునా?"

"నాకేం తెల్సురా? ఫెయిలయితుంటినేమో! గదే తెల్వలే ఇప్పటిదాంక. నీ బిడ్డను రాయనియ్యి ముందు. కొట్లాట తర్వాత షురూ చెయ్‌రి."

"సీటొస్తే?"

"వస్తే పరేషాన్ నీకు. దానికేంది?"

అప్పుడు మా ఇంట్లో ఒక్క ఉదయంతో తేలిపోయింది. ఇప్పుడు దారులు పెరిగాయి... భయం మాత్రం తగ్గలేదు.

బొమ్మలు గీసే పిల్లల్ని మీ ఇళ్లలో ఏ చదువుకు పంపారు? వాళ్లు ఇప్పుడేమంటున్నారు? శుక్రవారం లోపు రాస్తే నాకు మేలు. ఫైన్ ఆర్ట్స్ పరీక్ష శనివారం ఉదయం పదింటికి. తోడుగా అక్క వెళ్తానంది. ఇంజినీరింగ్ ఆప్షన్లకు సోమవారం ఆఖరు.