అత్తమ్మకు చేరని మాటలు

పోయిన మంగళవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన విని, ఫోన్ పక్కన పెట్టి, "అమ్మ పోయింది" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే, వంటింట్లో ఉన్న నేను మళ్లీ అడగాల్సి వచ్చింది. మా ఇంట్లో ఎవరూ అంత మెల్లగా మాట్లాడి ఏళ్లయింది. సంగారెడ్డిలో మా గల్లీ వాళ్లకు మాది పొద్దస్తమానం అరుచుకునే ఇల్లు. అది కొట్లాట కాదనీ, మా అత్తమ్మకు వినబడదనీ తెలిసినవాళ్లు కొద్దిమందే.

ఆమె పద్దెనిమిదేళ్లు పటాన్‌చెరులో డబ్బాల మూతలు చేసే ఒక చిన్న కంపెనీలో పనిచేసింది. రేకును కొట్టే ప్రెస్సుల పక్కన నిలబడి, మూతలు ఏరి పెట్టెల్లో సర్దడం ఆమె పని. చెవుల్లో ఇంత దూది పెట్టుకునేది. తనిఖీకి ఆఫీసర్లు వచ్చిన రోజు మాత్రం చెవుల్లో పెట్టుకోవడానికి రబ్బరు బిరడాలు ఇచ్చి, వాళ్ల జీపు గేటు దాటగానే వెనక్కి తీసుకునేవారట. "ఇంటికొచ్చినంక గూడ నా చెవులల్ల ప్రెస్సు నడుస్తనే ఉంటది" అనేది.

కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఇవేవీ తెలియవు. వెనక నుంచి "అత్తమ్మా" అని పిలిస్తే పలికేది కాదు. నేనంటే ఇష్టం లేదనుకున్నాను. మా అమ్మకు ఫోన్ చేసి ఏడ్చాను కూడా. ఒకరోజు నేను స్నానం చేస్తుంటే కుక్కర్ విజిల్ మీద విజిల్ వేస్తోంది. తడి జుట్టుతోనే పరుగెత్తుకొచ్చాను. ఆమె పొయ్యి పక్కనే నిలబడి తాపీగా ఉల్లిగడ్డ తరుగుతోంది. నేను చెయ్యి చాపి గ్యాస్ కట్టేస్తే ఉలిక్కిపడింది.

"ఇంక మూడు విజిల్లు కాలే గద బిడ్డా?"

"పది దాటినయ్ అత్తమ్మా!"

నా నోటి వంక చూసింది. కుక్కర్ వంక చూసింది. కత్తి కింద పెట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకు. మీ ఆయనకు గూడ చెప్పకు. కంపెనీల తెలిస్తే రేపటికెల్లి రానియ్యరు."

చెప్పలేదు. రెండేళ్లు దాచాను. ఎవరైనా ఇంటికొస్తే ఆమె ఎదురుగా కూర్చుని, వాళ్లన్న మాటనే ఇంకోసారి అనేదాన్ని. నా పెదవులు చూసి ఆమె జవాబు చెప్పేది. మా ఇద్దరి మధ్య ఒక రహస్యం ఉన్నందుకు నాకు గర్వంగా కూడా ఉండేది. చివరికి కంపెనీలోనే బయటపడింది. సరుకు బండి వెనక నుంచి హారన్ కొడుతూ వస్తున్నా ఆమె పక్కకు జరగలేదు. ఎవరో చెయ్యి పట్టి లాగితే బతికింది. మరునాడే పనిలోంచి తీసేశారు. అప్పుడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వినికిడి పరీక్ష కాగితం చూసి, "ఆ పని ముందే మానిపించి ఉంటే కొంతైనా మిగిలేదమ్మా" అన్నాడు. ఆ మాట ఆమెకు వినబడలేదు. నేనూ ఏనాడూ చెప్పలేదు.

చెవి మిషన్ పెట్టించాం. మొదటి రోజు తల పైకెత్తి, "ఈ పంకా గింత లొల్లి చేస్తదా?" అని నవ్వింది. వారం తిరగకముందే తీసేసింది. "లొల్లి వస్తున్నది గని మాట వస్తలేదు బిడ్డా. గిన్నె కింద పడితే తలకాయల పడ్డట్టుంటది." అంగడికి వెళ్తే నన్ను వెనక నడవమనేది. తన వెనక ఏ బండి వస్తోందో తనకు తెలియదు కాబట్టి.

నా బిడ్డను పెంచింది ఆమే. నేను పక్కనున్న కంది ఊరికి ఉద్యోగానికి వెళ్లిపోతే, మధ్యాహ్నం ఉయ్యాలలో పాపను పడుకోబెట్టి, ఉయ్యాల తాడు తన మణికట్టుకు కట్టుకుని పక్కనే ఒరిగేది. పాప కదిలితే తాడు గుంజేది. వెంటనే లేచేది. వినబడే నేను ఇంట్లో ఉన్న ఆదివారాల్లోనే పాప ఎక్కువసేపు ఏడ్చేది.

అలాంటి మనిషిని మేమేం చేశాం? రాత్రి భోజనాల దగ్గర అందరం ఏదో అనుకుని నవ్వేవాళ్లం. "ఏందిరా, ఏమన్నవ్?" అని ఆమె అడిగేది. "ఏం లేదు తియ్యే" అనేవాడు మా ఆయన. ఒకసారి అన్నం ముద్ద కంచంలోనే వదిలేసి అంది: "ఏం లేనిదానికి గింతమంది ఎట్ల నవ్విండ్రురా?" తర్వాత తర్వాత అడగడం మానేసింది. మేం నవ్వితే తనూ నవ్వేది, కొంచెం ఆలస్యంగా. దానికి మేం అలవాటు పడిపోయాం. అలా అలవాటు పడినందుకే ఇప్పుడు నాకు అన్నం సయించడం లేదు.

ఆ మంగళవారానికి అయిదు రోజుల ముందు ఆయాసం ఎక్కువైతే ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ అన్నారు. లోపలికి మాస్క్ లేకుండా ఎవరినీ రానివ్వరు. డాక్టర్లు, నర్సులు, ఆయాలు, అందరి నోళ్లూ మూసే ఉన్నాయి. పెదవులు చూసి బతికిన మనిషి ఆ మంచం మీద అయిదు రోజులు ఒక్క మాట అందకుండా పడుకుంది. "పేషెంట్ చెప్పింది వింటలేదు" అని నర్సు నామీద కోప్పడింది. "ఆమెకు వినబడదు సిస్టర్, జెర మాస్క్ కిందికి గుంజి మాట్లాడుండ్రి" అని బతిమాలాను. రూల్ లేదంది.

సోమవారం సాయంత్రం నన్ను అయిదు నిమిషాలు లోపలికి పంపారు. అంతకు ముందే డాక్టరు నన్నూ మా ఆయననూ పిలిచి, ఆశ పెట్టుకోవద్దని చెప్పాడు. నన్ను చూడగానే ఆమె ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి అడిగింది. "డాక్టర్ ఏమన్నడు బిడ్డా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మాస్క్ కిందికి లాగి, ఒక్కో మాటా విడదీసి అన్నాను. "బాగ లేదన్నడు."

ఆమె కళ్లు చిట్లించింది. "మల్ల చెప్పు."

నేను నోరు తెరిచేలోపే నర్సు వచ్చేసింది. "మాస్క్ పెట్టుకోమ్మా! టైమైంది, నడువు." మాస్క్ పైకి లాక్కున్నాను. అయినా ఆగలేక గట్టిగా అరిచాను. "బాగ లేదన్నడు అత్తమ్మా! నేను బయటనే ఉన్న!"

వార్డులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆమె మాత్రం నా మాస్క్ మీద, నోరు ఉండాల్సిన చోటునే చూస్తూ ఉంది.