భాగమ్మ చెయ్యి

తాండూరులో బండల మిషన్ల వెనక గల్లీలో నలభై ఇళ్లుంటే, ఐదేళ్ల కిందటి దాకా ఒక్క ఇంట్లో కూడా థర్మామీటర్ లేదు. అవసరం పడలేదు. భాగమ్మ చెయ్యి ఉండేది.

పిల్ల నుదుటి మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, మూడు మాటల్లో ఒకటి చెప్పేది. గుడ్డు, రొట్టె, బండ. గుడ్డంటే కోడి అప్పుడే పెట్టిన గుడ్డంత వెచ్చన, ఫికర్ లేదు, తీసుకుపోయి పండుకోబెట్టు. రొట్టె అంటే పెంక మీంచి దించిన జొన్నరొట్టె, తడిబట్ట వెయ్యాలి, కనిపెట్టి ఉండాలి. బండ అంటే మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో పడి ఉన్న నాపరాయి, ఇక ఆటో పిలవాల్సిందే. సందు మొదట్లో కూర్చునే ఆర్‌ఎంపీ డాక్టరు శ్రీహరి కూడా ఈ కొలతకు అలవాటు పడిపోయాడు. ఎవరైనా ఫోన్ చేస్తే "రొట్టెనా బండనా, ముందు గా ముచ్చట చెప్పు" అనేవాడు.

ఒకసారి సేడం పోయే లారీ ఒకటి గల్లీకి అడ్డంగా ఆగితే, భాగమ్మ దాని ముందు భాగం మీద చెయ్యి వేసి "డ్రైవరన్నా, నీ లారీకి బండ జ్వరమున్నది, పోకు" అన్నదట. ఆ కన్నడ డ్రైవరు నవ్వి పోయాడు. బషీరాబాద్ దాటకముందే రేడియేటర్ పేలి, ఆ ఆవిరికి పక్క చెట్టు మీది కోతి ఉడికిపోయింది. కోతి మాట అబద్ధమని కొందరంటారు. లారీ మాట మాత్రం ఎవరూ కాదనరు.

చేతికి ఎంత పేరో నోటికి అంతకు రెండింతలు. జ్వరం పిల్లను ఎత్తుకుని వచ్చిన తల్లిని భాగమ్మ ఊరికే పోనిచ్చేది కాదు. ముందు గడపలో నిలబెట్టేది. చాయ్ తాగేది, గ్లాసు కడుక్కునేది, చీర కుచ్చిళ్లు సర్దుకునేది. తరువాత పిల్లను చూసి తల్లిని అడిగేది.

"పిల్లను కన్నవా, పొయ్యిల పెట్టి మరిచినవా? మొగుని ఒళ్లు ఎప్పుడు కాల్తదో మంచిగ తెలుస్తది నీకు. పిల్ల ఒళ్లు తెల్వదు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవారు. పక్కింటి యాదమ్మ అందరికంటే ముందు నవ్వేది, రేపు తన వంతు వస్తుందని తెలిసి కూడా. తల్లి తల వంచుకుని పడేది. పడక ఏం చేస్తుంది, పిల్లకు జ్వరమాయె.

భర్త జంగప్ప చచ్చిపోయిన ఏడాదే భాగమ్మ పాలిష్ మిషన్ దగ్గర పనికి కుదిరింది. తిరిగే రాయి కింద తడిబండను రెండు చేతులా అదిమి పట్టే పని. ఇరవై ఏడేళ్లు ఆ బండలే పట్టింది. ఆ కూలితోనే కొడుకు ప్రేమ్‌సాగర్‌ను డ్రైవింగ్ లైసెన్సు దాకా తెచ్చింది. వికారాబాద్ నుంచి కోడల్ని తెచ్చింది. జ్యోతిరాణి నర్సు చదువు చదివింది, పెట్టెలో పెళ్లిబట్టల మధ్య డిజిటల్ థర్మామీటర్ పెట్టుకుని కాపురానికి వచ్చింది.

"మీ అమ్మ నీకు చేతులు ఇయ్యలేదా జ్యోతీ, గీ పుల్ల ఇచ్చి తోలింది?" అన్నది భాగమ్మ మొదటి రోజే.

అసలు కథ మనవరాలు రెబెక్క పుట్టిన నాలుగో నెలలో జరిగింది. డిసెంబరు చలి. జ్యోతిరాణి పిల్లకు రెండు స్వెటర్లు వేసి, శాలువా చుట్టి, సంక కింద థర్మామీటర్ పెట్టింది. వంద దాటింది. చెప్పుల్లేకుండా ఆటో కోసం ఉరికింది. భాగమ్మ గల్లీ మధ్యలో ఆపి, పిల్లను లాక్కుని, శాలువా విప్పి, స్వెటర్లు విప్పి, నుదురు ముట్టి "గుడ్డు" అన్నది. అరగంటలో పిల్ల చల్లబడి ఆడుకుంది.

అంతటితో వదిలితే భాగమ్మ భాగమ్మే కాదు. ఆ తరువాత మూడేళ్లు, నలుగురు కూడిన ప్రతిచోటా ఆ ఆట ఆడి చూపించింది. ఒక పుల్లను కొవ్వొత్తిలా పట్టుకుని, కొంగు జారిపోతుంటే, "వంద, వంద" అని ఏడుస్తూ చెప్పుల్లేకుండా ఉరికేది. చర్చి మెట్ల మీద ఆడింది. కోడలి తల్లిదండ్రులు వచ్చినప్పుడు, వాళ్లు అన్నం తింటుంటే ఆడింది. జ్యోతిరాణి ప్రతిసారీ నవ్వింది. ఆ నవ్వును దగ్గరి నుంచి చూసినవాళ్లెవరూ రెండోసారి చూడాలనుకోరు.

అయితే భాగమ్మకు ఒక రహస్యముంది. ఆ చెయ్యి చచ్చిపోయింది.

ఎప్పుడు చచ్చిందో ఆమెకు కచ్చితంగా తెలుసు. రెండేళ్ల కిందట ఒక పొద్దున రొట్టె తిప్పుతుంటే చర్మం కాలిన వాసన వచ్చింది. పిల్లి ఏమైనా పొయ్యిలో పడిందా అని చుట్టూ చూసింది. చూస్తే కాలుతున్నది తన అరచెయ్యి. వాసన ముక్కుకు అందిన తరువాత కూడా మంట చేతికి అందలేదు. సర్కారు దవాఖానలో షుగర్ అన్నారు, మిషన్ అదురు కూడా నరాలను తినేసిందన్నారు. చీటీని బైబిల్ అట్టలో దాచి, మరునాటి నుంచి రొట్టెను పట్టుకారుతో తిప్పింది.

చెయ్యి పోయిందని చెబితే ఇంట్లో తానేమిటి? మిషన్ పనికి ఇక పోలేదు, కళ్లు సరిగా కనబడవు. రెబెక్కను పొద్దంతా తన దగ్గర వదులుతున్నారంటే ఆ చెయ్యిని నమ్మే. ఆ పిల్ల తప్ప భాగమ్మకు ఈ లోకంలో ఎవరిమీదా జాలి లేదు. అందుకని ఉపాయం చేసింది. ఎవరు పిల్లను తెచ్చినా ముందు ప్రార్థన మొదలుపెట్టింది. వంగి, నుదుటి మీద పెదవులు ఆనించి, "ప్రభువా, నీ బిడ్డను ముట్టుము" అని కాసేపు గొణిగేది. పెదవులు ఇంకా బతికే ఉన్నాయి. వేడెంతో అవి చెప్పేవి. అప్పుడు లేచి, అందరూ చూసేలా అరచెయ్యి పెట్టి, గుడ్డో రొట్టెనో చెప్పేది. వయసు మీద పడి భాగమ్మకు భక్తి పెరిగిందని గల్లీ అనుకుంది. పాస్టరు ఇమ్మానుయేలు ఒక ఆదివారం ఆమెను లేపి అందరికీ చూపించాడు కూడా.

జ్యోతిరాణి మాత్రం పట్టుకారును చూసింది. తరువాత ప్రార్థనను చూసింది. చూసినదాన్ని మనసులో దాచుకుంది.

ఈ వేసవిలో జ్యోతిరాణికి వికారాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. సోమవారం చేరాలి. పిల్లతో సహా తల్లి దగ్గర ఉంటానంది. ప్రేమ్‌సాగర్ ఒప్పుకోలేదు.

"నువ్వు పో. పిల్ల అమ్మ దగ్గరుంటది. జ్వరమొస్తే నీ మిషన్ కన్నా మా అమ్మ చెయ్యే నయం. లోకమంత ఎరుకే."

"నేను చెప్తలేనారా," అన్నది భాగమ్మ లోపలి నుంచి, గల్లీకి వినబడేటట్టు. "పుల్లను చూసుకునే ఆమెకు పిల్లెందుకు? పుల్లనే తీస్కపొమ్మను."

ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చాక రెబెక్క ఒళ్లు వెచ్చబడింది. జ్యోతిరాణి గదిలో తలుపు దగ్గరికి వేసి థర్మామీటర్ పెట్టింది. నూట రెండూ ఎనిమిది. తల్లి అయినవాళ్లు ఆ అంకె చూస్తే సిరప్ సీసా కోసం చూస్తారు. జ్యోతిరాణి తడిబట్ట కోసం చూసింది. ఎర్రబడిన ముఖం పాలిపోయేదాకా మెల్లగా, శుభ్రంగా తుడిచింది. పిల్లను భుజాన వేసుకుని, ముఖం తన మెడ వైపు తిప్పి, బయటికి వచ్చింది. నీడలో భాగమ్మ, యాదమ్మ, ఇంకో ఐదారుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ప్రేమ్‌సాగర్ బండి తుడుస్తున్నాడు.

"అత్తమ్మా, పిల్ల జర నలతగున్నట్టున్నది. చూడరాదు."

"నీ పుల్ల సచ్చిందా?"

"నా పుల్లను ఎవరు నమ్ముతరు అత్తమ్మా. నువ్వే చెప్పు. సరిగ్గ చెప్పినవంటే నేను మళ్ల మాట మాట్లాడ. పిల్ల నీ దగ్గర్నే ఉంటది. అందరు సాక్షం."

ప్రేమ్‌సాగర్ చేతిలో గుడ్డ ఆగింది. భాగమ్మకు ఒక్కసారిగా కడుపులో చాయ్ పోసినంత సుఖమైంది. ఇంత సులువుగా దొరుకుతుందనుకోలేదు. లేచి, కొంగు దులుపుకుని, పిల్ల మీదికి వంగింది.

"ప్రభువా..."

నుదుటికీ పెదవులకూ మధ్య జ్యోతిరాణి అరచెయ్యి వచ్చి నిలబడింది.

"ప్రార్థన ఎన్కకు చేద్దువు. ముందుగాల చెయ్యి పెట్టు అత్తమ్మా."

"దేవుని తలుసుకోకుంట ముట్టుకోను."

"రెండేండ్ల కింద దాక దేవుడు గుర్తుకు రాకున్ననే ముట్టుకునేదానివి గద."

భాగమ్మ చెయ్యి పెట్టింది. గోడకున్న ఫోటో మీద పెట్టినట్టుంది. పిల్ల కళ్లు మూసి ఉన్నాయి. బుగ్గ ఎర్రగా లేదు. ఊపిరి ఎట్లుందో చూద్దామంటే ముఖం తల్లి మెడలో ఉంది. భాగమ్మ కళ్లు మూసుకుని, చేతిని వదిలేసి, బుర్రతో ఆలోచించింది. నిజంగా కాలుతుంటే ఏ తల్లీ పిల్లను ఇట్లా ఎత్తుకుని ఆట ఆడించదు. తనంత చెడ్డదైనా ఆడించదు. కాబట్టి ఇది ఉత్తదే, కోడలు తనతో రొట్టె అనిపించి నవ్వాలని చూస్తోంది.

"గుడ్డు సుత గాదు," అన్నది. "సల్లగున్నది. నాటకాలు."

జ్యోతిరాణి తొందరపడలేదు. పిల్ల సంక కింద థర్మామీటర్ పెట్టింది. అది కూసిన తరువాత యాదమ్మ చేతికిచ్చింది. యాదమ్మకు అంకెలు రావు, ప్రేమ్‌సాగర్ వచ్చి చదివాడు.

"నూట రెండూ ఎనిమిది."

"పుల్ల ఖరాబైంది," అన్నది భాగమ్మ.

యాదమ్మ పిల్ల వీపు మీద చెయ్యి వేసి వెంటనే తీసేసింది. "పుల్ల కాదక్కా. ఒళ్లు కుతకుత ఉడుకుతున్నది. నాకే తెలుస్తున్నది."

జ్యోతిరాణి లోపలికి పోయి పిల్లకు సిరప్ పట్టి పండుకోబెట్టింది. అక్కడితో ఆపవచ్చు. గెలిచింది. కానీ మూడేళ్లు నవ్విన నవ్వు లోపల మిగిలి ఉంది. పొయ్యి మీద మరుగుతున్న చాయ్‌ని స్టీలు గ్లాసు నిండా పోసి, అంచును కొంగుతో పట్టుకుని వచ్చింది.

"పోనీ అత్తమ్మా, పరేషాన్ గాకు. చాయ్ తాగు."

అందరి ముందూ ఏమీ కానట్టు కనబడాలని భాగమ్మ గ్లాసును గుప్పిటితో గట్టిగా పట్టుకుంది. వెంటనే తాగితే ఓడినట్టుంటుందని పట్టుకునే కూర్చుంది. చెప్పాల్సింది ఇంకా ఉంది.

"ఎండకు నా చెయ్యి వేడెక్కింది. గందుకే పిల్ల సల్లగ తగిలింది. ముప్పై ఏండ్లల్ల ఒక్కపారి..."

చెబుతూనే ఉంది. ఆడవాళ్ల కళ్లు ఆమె ముఖం మీద లేవు. గ్లాసు నుంచి ఆవిరి లేస్తోంది. వేళ్ల సందుల్లో తోలు తెల్లబడి ఉబ్బుతోంది.

"అక్కా," అన్నది యాదమ్మ. "గ్లాస్ ఇడువు."

"ఎందుకు?"

అప్పుడు ఒకామె నవ్వింది. ఎవరో చూడకుండానే భాగమ్మకు తెలిసింది. పోయిన నెలలో గడపలో నిలబెట్టి, మొగుడి మాట అని ఏడిపించిన పడుచు తల్లి. తరువాత ఇంకొకామె నవ్వింది. యాదమ్మ కూడా, అలవాటు కొద్దీ. ప్రేమ్‌సాగర్ వచ్చి తల్లి వేళ్లను ఒక్కొక్కటే విప్పి గ్లాసు తీశాడు. గ్లాసుతో పాటు కొంచెం చర్మం కూడా పోయింది.

"ఎన్నొద్దులాయెనే అమ్మా?"

"రెండేండ్లు."

"రెండేండ్లు నా పిల్లను గిట్లనే చూసినవా?"

భాగమ్మ పెదవుల సంగతి చెప్పబోయింది. నోరు తెరిచింది. కొడుకు అప్పటికే పెట్టె సర్దమని భార్యకు చెబుతున్నాడు.

పోయే ముందు జ్యోతిరాణి అత్త చేతికి మందు రాసి కట్టు కట్టింది. చాలా చక్కగా కట్టింది, ఏ ఆసుపత్రిలోనూ అంత నీటుగా కట్టరు. వారం రోజులు తడపొద్దంది. షుగర్ గోలీలు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పింది. పిల్లకు జ్వరం దిగింది, ఆటోలో కూర్చుని కాళ్లు ఊపుతోంది. భాగమ్మ ఆటో దగ్గరికి వచ్చింది.

"ఒక్కపారి ప్రార్థన చేసి పంపుత జ్యోతీ."

"గక్కడికెల్లి చెయ్యి అత్తమ్మా. దేవునికి దూరమేంది."

ఇది జరిగి నాలుగు నెలలు. ప్రతి నెలా రెండో ఆదివారం, నాలుగో ఆదివారం భాగమ్మ పొద్దున రైలెక్కి వికారాబాద్ పోతుంది. రెబెక్క బాగున్న రోజు వాకిట్లో కూర్చుని ఆడుకోనిస్తారు. జలుబుంటే, ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటే, జ్యోతిరాణి తలుపు దగ్గరే చెబుతుంది, "ఇయ్యాల వద్దత్తమ్మా, పండుకున్నది." లోపలి నుంచి పిల్ల మాటలు వినబడుతూనే ఉంటాయి. భాగమ్మ తెచ్చిన సంచీ గడప మీద పెట్టి స్టేషనుకు నడుస్తుంది. మొన్నటి ఆదివారం కూడా అట్లాగే తిరిగొచ్చింది.

గల్లీలో యాదమ్మ బియ్యం చెరుగుతోంది.

"గింత జల్దీ వచ్చినవేందక్కా. పిల్ల మంచిగున్నదా?"

"మస్తుగున్నది. ఒళ్లోకెల్లి దిగకపాయె."

"ముట్టి చూసినవా?"

"చూడకుంట ఎట్లొస్త?" అన్నది భాగమ్మ, తాళం తీస్తూ.