నాలుగువందల పన్నెండో ఇల్లు

దరియాలతిప్ప జాలరి ఇంట పుట్టి, టైపు హయ్యరు పాసై, కాకినాడలో ఆరు నెలలు డేటాబేస్ నేర్చుకుని, యానాం ఆఫీసులో కంప్యూటరు ముందు కుర్చీ సంపాదించిన ఘనుడు మరియదాసు. ఎనభై ఆరు వరదలో ఇళ్ళు పోయినవాళ్ళకు స్థలాలిచ్చే జాబితా మరుసటి ఏడు అతని చేతుల మీదే తయారైంది.

జాబితా రెండు భాగాలు. యజమాని బతికున్న ఇళ్ళు ఒకటి, యజమాని వరదలో పోయిన ఇళ్ళు రెండోది. కంప్యూటరులో ఎక్కించినవి నాలుగువందల పన్నెండు. అచ్చు తీసి రెండూ కలిపితే ఒకటి తక్కువ.

"రిపోర్టు ఫైలు చెడిపోయిందండి," అన్నాడు సూపరింటెండెంటు ఉమామహేశ్వరంగారితో.

"ఏదో ఒకటి చెయ్యవయ్యా. రేపు కవరు పాండిచ్చేరి వెళ్ళిపోవాలి. ఇందులో లేనోళ్ళకి స్థలం లేనట్టే."

ఏ వివరం ఎక్కడ అచ్చవ్వాలో చెప్పేది రిపోర్టు ఫైలు. దాన్ని చెరిపి మళ్ళీ కట్టాడు. ఫ్లాపీలోని పాత ప్రతి తెచ్చి వేశాడు. ఎన్నిసార్లు తీసినా నాలుగువందల పదకొండే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపం ఆ ఫైలునే తిట్టుకున్నాడు. చివరికి రిపోర్టును పక్కనపెట్టి, పెన్సిలు పట్టుకుని ఒక్కొక్క పేరే తెర మీద చూసుకుంటూ వచ్చాడు. ఒక పేరు దగ్గర ఆగిపోయాడు.

సెబాస్టియన్. అతని సొంత అన్న.

ఉన్నారా, పోయారా అని అడిగే గడి ఖాళీగా ఉంది. ఖాళీ గడిని రెండు భాగాల్లో ఏదీ తీసుకోలేదు. ఫైలు తప్పేమీ లేదు. ఏట్లో కొట్టుకుపోయినవాడి శవం ఒడ్డుకు చేరేదాకా వాళ్ళ పేటలో ఎవరూ 'పోయాడు' అనరు, 'ఇంకా రాలేదు' అంటారు. పేర్లు ఎక్కించిన రోజు ఆ గడి దగ్గర మరియదాసు చెయ్యి ఆడలేదు. దాటేసి కిందికి వెళ్ళిపోయాడు. తరవాత మరిచిపోయాననుకున్నాడు.

సైకిలెక్కి దరియాలతిప్ప వెళ్ళాడు. వదిన శాంతమ్మ టార్పాలిన్ గుడిసె ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. సంగతంతా చెప్పాడు.

"ఉన్నాడని రాసెయ్యి," అంది.

"అప్పుడు అన్నయ్యే వచ్చి సంతకం పెట్టాలంటారు వదినా."

శాంతమ్మ గుడిసెలోకి తొంగిచూసింది. లోపల పెట్టె మీద సెబాస్టియన్ కంచం ఉంది. ఏడాదిగా రోజూ కడిగి అక్కడే పెడుతోంది. చాలాసేపు దానివంకే చూసింది.

"పిల్లలు ఇంకో వానాకాలం తట్టుకోలేరు అబ్బాయ్. రాసెయ్యి. ఫాదరుగారితో చెప్పి మీ అన్న ఆత్మశాంతికి పూజ కూడా పెట్టించు," అని, చేపల మీద వాలుతున్న కాకిని అదిలించడానికి చెయ్యెత్తి, ఆ చేత్తోనే మొహం కప్పుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆ గడిలో మరియదాసు ఒక్క అక్షరం కొట్టాడు. ప్రింటరు కదిలింది. రెండో భాగంలో అన్న పేరు అచ్చయింది. ఉమామహేశ్వరంగారు లెక్క చూసుకుని మురిసిపోయారు.

"పన్నెండూ వచ్చాయి! భలే బాగుచేశావోయ్ ఫైలుని!"

"అవునండి," అన్నాడు మరియదాసు. ప్రింటరు నుంచి ఆ కాగితం చింపి ఆయన చేతికివ్వాలి. అది మాత్రం అతని వల్ల కాలేదు. బల్ల మీద తల వాల్చి, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చాడు.