మూడింటికి ఎక్కి మూడింటికే దిగే విమానం

రేణిగుంటలో దిగబోయే విమానం మా టికెట్ల ఆఫీసు మీదుగా పోతుంటే కిటికీ అద్దాలు సన్నగా వణుకుతాయి. ఆ వణుకు బల్ల మీద పెట్టిన నా వేళ్ళకు అందగానే కళ్ళు మూతలు పడతాయి. నిద్ర కాదు లెండి. ఖాదర్ సాబ్ గుర్తొస్తారు.

నాకు ఈ పని నేర్పిన యజమాని ఆయన. చెన్నై దాటి ఎక్కడికీ పోని మనిషి. కానీ ఏ టికెట్టు చేసినా కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఆ ప్రయాణమంతా తాను చేసి వచ్చేవారు. "ఈడ ఎక్కినాను. కింద మబ్బులు. ఆడ దిగినాను, అబ్బా, సలి! పెట్టె వచ్చింది. ఇంక యాడికి పోవాల?" అని మెల్లగా గొణిగేవారు. మధ్యలో పలకరిస్తే ఉలిక్కిపడేవారు. కంప్యూటరు అన్నీ చెబుతుంటే ఈ పగటికలలెందుకని నాకు నవ్వు. పొగరు, అంతే.

నగరి అమ్మాయి స్టెల్లా మా టికెట్టుతోనే ఫిన్లాండు ఉత్తరాన రోవనియెమి అనే ఊరికి నర్సుగా వెళ్ళింది. ఆమె చెల్లెలు రూత్ నార్వే కొసన ట్రోమ్సోలో చదువుతోంది. ఒకరోజు మధ్యాహ్నం స్టెల్లా ఏడుస్తూ ఫోన్ చేసింది.

"అక్కా, రూత్‌కు ఈ పొద్దు సాయంత్రం ఐదుకు గుండె ఆపరేషనంట. లోపలికి తీసుకుపోయేలోగా నేనాడ ఉండాల."

వెతికితే ఒకే విమానం. రోవనియెమిలో మూడింటికి బయలుదేరి, ట్రోమ్సోకు మూడింటికే చేరుతుందట! నాలుగువందల కిలోమీటర్ల పైన దూరం, ఒక్క నిమిషమైనా పట్టదా? కువైట్ టికెట్లకు గంటలు తీసేయడం నాకు తెలుసు. కానీ మ్యాపులో వేలెడు దూరంలో ఉన్న రెండు ఊళ్ళకు వేరువేరు గడియారాలుంటాయని తట్టలేదు. దేశమంతా ఒకటే గడియారంతో పెరిగిన బుర్ర కదా.

"అది తప్పు పడినట్టుంది స్టెల్లా, నమ్మొద్దు. బస్సు చూసుకో" అనేశాను. బస్సయితే రాత్రికి గానీ చేరదు. ఆమె "సరేక్కా" అంది.

అప్పుడే టీ తాగి వచ్చిన ఖాదర్ సాబ్ స్క్రీన్‌లోకి తొంగిచూసి నా చేతిలోని ఫోను లాక్కున్నారు. "ఉండమ్మా, పెట్టేయొద్దు." కళ్ళు మూసుకున్నారు.

"మూడుకు ఎక్కినాను. కింద అంతా మంచే, తెల్లగా. గంటసేపు పడమరకు పోయినాను. దిగి గోడ గడియారం సూస్తే మళ్ళా మూడే." కళ్ళు తెరిచారు. "అమ్మీ, ఆడ గడియారం గంట ఎనకుండాది. టికెట్టు సరిగ్గానే ఉండాది, కొట్టు!"

స్టెల్లా పేరున టికెట్టు కొట్టాను.

రెండు రోజులకు స్టెల్లా మళ్ళీ ఫోన్ చేసింది. రూత్ ఆపరేషన్ బల్ల మీదే పోయిందట. "లోపలికి పోయేదాకా నా చెయ్యి పట్టుకోనే ఉండిందక్కా. అమ్మ గురించే మాట్లాడుకున్నాం. సాబ్‌కు సెప్పు."

చెప్పాను. ఆయన "అయ్యో బిడ్డా" అని బయటికి వెళ్ళి చాలాసేపు ఎండలోనే నిలబడ్డారు. నా తప్పు గురించి మాత్రం ఆ రోజే కాదు, తాను పోయేదాకా ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

టీకొట్టు దగ్గర ఆయన ఇంకో రెండు నిమిషాలు నిలబడి ఉంటే రూత్ ఒంటరిగా లోపలికి వెళ్ళేది. స్టెల్లా ఇప్పటికీ క్రిస్మస్‌కు ఫోన్ చేసి, "మీ పుణ్యమే అక్కా" అంటుంది. బస్సు చూసుకోమన్న మాట ఆమె మరిచిపోయింది. నేను మరవలేదు.