మౌనం కోసం ఆగిన ధార

నది ఒడ్డు ఊరు లాన్సెస్టన్‌లోని ఒక ఆఫీసులో టెగన్ ప్రిడిల్ కుదురుగా కూర్చోవడం ఎవరూ చూడలేదు. మోకాలు ఆడుతూనే ఉంటుంది. ఆల్చిప్ప మాంసం కూరిన 'స్కాలప్ పై' రొట్టెను సగం తిని పక్కన పెడుతుంది. వరద హెచ్చరిక ప్రోగ్రామ్ రాయడం ఆమె పని. పాత కోడ్‌లో నది సెన్సర్ నీటిమట్టం అంకెతో పంపిన ప్రతి కబురుకూ ఏదో ఒక ఫంక్షన్ విడిగా ఉలిక్కిపడి లేచేది. వాటిని తీసేసి, కబుర్లన్నీ ఒకే ధారగా ప్రవహించేటట్టు ఆమె మార్చింది. అలల తాకిడికి అంకెలు ఊగిసలాడకుండా, కొత్త కబురు రాకుండా రెండు సెకన్లు మౌనంగా గడిస్తేనే చివరి అంకెను ముందుకు పంపాలని ధారకు నియమం పెట్టింది.

"ఆ నియమమేదో నువ్వూ పెట్టుకో తల్లీ, మేం బతికిపోతాం," అన్నాడు పక్క బల్ల రోవన్. అతని ఇల్లు నది పక్క పల్లంలోనే.

ప్రోగ్రామ్ అప్పగింతకు ముందు, పాత వరద నాటి అంకెలతో పరీక్షించారు. తెర మీద నీటిమట్టం రెండు మీటర్ల దగ్గర ఆగిపోయింది.

"ఎంత బుద్ధిగా ఉందో చూడు! ఇక ఇచ్చేద్దాం," అన్నాడు రోవన్.

టెగన్ లేచి నిలబడింది. "వరదకు బుద్ధేంట్రా? నీ మంచం తేలాక చెబుతుంది ఇది!"

నది పొంగితే సెన్సర్ సెకనుకోసారి పలుకుతుంది. రెండు సెకన్ల మౌనం ఇక దొరకదు. ఒక్క కొత్త అంకె కూడా బయటికి రాదు, తెర మీద పాతదే నిలిచిపోతుంది. ఆమె నియమం మార్చింది: మౌనం ఉన్నా లేకున్నా, రెండు సెకన్లకోసారి తాజా అంకె వెళ్ళాలి. మళ్ళీ పరీక్షించగానే మట్టం పైకి పాకింది, సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. రోవన్ చెవులు మూసుకున్నాడు. టెగన్ కూర్చుని, మోకాలు కదపకుండా, మిగిలిన సగం రొట్టె తినసాగింది.