మెడలో పట్టుపోగు

మా కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడానికి లోపలికి తీసుకెళ్తూ, హిందూపురం పశువుల ఆసుపత్రిలో దాని మెడపట్టీ విప్పి నా చేతికిచ్చారు. ఇంకా వెచ్చగానే ఉంది.

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంటి కుక్క రాణి ఏటా, నేసేటప్పుడు నాయన కాళ్లు పెట్టుకునే మగ్గం గుంతలోనే ఈనేది. పిల్లలు కళ్లు తెరవగానే నాయన వాటిని గంపలో పెట్టుకుని బస్సెక్కేవాడు.

"ఈసారి యాడికి నాయనా?"

"చెన్నేకొత్తపల్లికి పాపా. ఆడ రైతులు సాకుతామన్నారు."

మళ్లీ కనిపిస్తే గుర్తుపట్టాలని ఒక్కోదాని మెడకు ఒక్కో రంగు పట్టుపోగు కట్టి పంపేదాన్ని. రాణి ఖాళీ గుంతను వాసన చూస్తూ మూలిగేది. ఆకలేమోనని సంగటి పెడితే ముట్టేది కాదు.

రైతులెవరూ లేరని, హైవే పక్కన వదిలేసి వచ్చేవాడని పెద్దయ్యాకే తెలిసింది. అయినా ఆ దారిలో బస్సు ఆగితే, ఇప్పటికీ కుక్కల మెడలే చూస్తాను.