టీచరమ్మ బండ మీద పుట్టిన తేదీ

పెనుగొండలో కొండ కింద, సమాధుల తోటలో ఉండాది మా టీచరమ్మ సమాధి. ఆడపిల్లోళ్లకు చదువెందుకని అందరూ నవ్వేకాలంలో చర్చి వరండాలో చాప పరిచి బడి మొదలుపెట్టిన మనిషి ఆమె. ఆ చాప మీదనే నేను మూడో తరగతి దాకా చదివినా. పెద్దయినాక అదే బడిలో ఆయాగా చేరి, ఆమె పోయేదాకా ఆమె దగ్గరనే ఉంటి.

మాలాంటి ఇండ్లల్లో పుట్టిన తేదీలు ఎవరు రాసిపెట్టుకుంటారు? నేను ఎప్పుడు పుట్టినానని అడిగితే మా అమ్మ, "శనక్కాయలు పెరికేటప్పుడు" అనిందంట. ఏ ఏడు శనక్కాయలో ఆమెకే తెల్దు. అందుకే టీచరమ్మ బడిలో చేరిన అందరికీ జూలై ఒకటో తేదీనే వేసేది. సంవత్సరానికి ఇంకో కొలత ఉండె. కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి పట్టుకోమనేది. అందితే ఐదేండ్లు నిండినట్టు.

మా చెల్లెలికి చెవి అందలే. అమ్మ కూలికి పోవాల, పిల్లను చూసే దిక్కు లేదు. "ఎట్లన్నా చేర్చుకోమ్మా" అని కాళ్లావేళ్లా పడింది. టీచరమ్మ పిల్ల పక్క చూసి, అమ్మ పక్క చూసి, రెండేండ్లు పెంచి రాసింది.

తొంభైల్లో ఆ పిల్లకు ధర్మవరం సంబంధం వచ్చె. మగ్గం నేసేవాళ్లు. చర్చిలో పెండ్లి కదా, పాస్టరయ్య అడిగినాడు: "పద్దెనిమిది నిండినాయేమప్పా?" నాయన బడి కాయితం తీసి చూపించె. కాయితంలో నిండినాయి.

ఆ సంగతి తెలిసి టీచరమ్మ మా ఇంటికే వచ్చింది.

"అది నేను రాసిన లెక్కప్పా. పిల్లకు పదారే. ఇంకా రెండేండ్లు ఆగు."

నాయన నవ్వె. "బాగుందిమ్మా! నువ్వు రాసింది నువ్వే తప్పంటే మేము యాడికి పోవాల?"

నేను ఆడనే కూచోని బియ్యంలో రాళ్లేరుతా ఉంటి. చెల్లెలు నాకంటే ఎంత చిన్నదో నాకు తెల్దా? నోరు తెరవలే.

తొలికాన్పులోనే పాయె చెల్లెలు. ధర్మవరంలో మట్టి ఇచ్చి వచ్చినాక శానా దినాలు టీచరమ్మ నా మొగం పక్క సరిగా చూడలే. మంచం పట్టినాక ఒకనాడు జావ తాపుతాంటే చెయ్యి పట్టుకొనె.

"మే, నేను పోతే బండ వేస్తారు. పేరు వేసుకోనీ. పుట్టిన తేదీ మాత్రం వేయనీయద్దు. కరువులో ఎవరో తెచ్చి అనాథల హాస్టల్లో వదిలిన దాన్ని, నాకే తెల్దు. తెలీంది రాసి ఒకసారి చేసింది చాలు."

"అట్లనేమ్మా" అంటి.

ఆమె పోయిన కొన్నేండ్లకు, రెండువేలు దాటినాక, ఆమె దగ్గర చదువుకున్నోళ్లు నలుగురు ఆడోళ్లు కలిసి బండ చెక్కిస్తామని బయల్దేరిరి. ఒకామె నర్సు, ఒకామె బ్యాంకులో పని, మిగతా ఇద్దరూ టీచర్లే. నేరుగా నా దగ్గరికొచ్చిరి.

"అక్కా, రాయి చెక్కేటాయప్ప హిందూపురంలో కాచుకోనుండాడు. టీచరమ్మ పుట్టిన తేదీ ఒకటే తక్కువ. నీకు తప్ప ఎవరికి తెలుస్తాది?"

అంత చదువుకున్నోళ్లు నన్ను అడుగుతాండారు. తెల్దనేదానికి సిగ్గయ్యె. వేయొద్దనిందని చెప్తే, ఎందుకొద్దనిందని అడుగుతారు. అప్పుడు చెల్లెలి సంగతి తీయాల.

"జూలై ఒకటి" అంటి. నోటికి అదే వచ్చె.

"ఓమ్మో, నాదీ అదే!" అనె నర్సు.

"నాదీ అదేనే!"

నలుగురిదీ అదే. బ్యాంకామె కండ్లల్లో నీళ్లు పెట్టుకొనె. "చూడండే, తన పుట్టినరోజునే మనందరికీ పంచిపెట్టి పోయింది."

సంవత్సరం వాళ్లే ఏదో అంచనా వేసి బండ మీదికి ఎక్కించిరి. ఇప్పుడు ఏటా జూలై ఒకటిన తోటకు పూలదండలు వస్తాయి, బడి పిల్లోళ్లు వస్తారు. పుట్టినరోజు పంచిన కథ ఎవరో ఒకరు మైకులో చెప్తారు, అందరూ కండ్లు తుడుచుకుంటారు. నన్ను ముందు కుర్చీలో కూచోబెడతారు.

ఒకసారి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి హిందూపురం పోయినా. ఆ రాయి చెక్కేటాయప్పనే అడిగినా.

"ఏమప్పా, ఆ తేదీ ఉండే వరస తీసేయగలవా?"

"తీస్తానక్కా, అదేం పెద్ద పని? కానీ ఆడ గుంత పడతాది. ఏమైందని చూసినోళ్లంతా అడుగుతారు. ఆ నలుగురికీ నువ్వు ముందే చెప్పుకో. వాళ్లు ఊ అంటే రేపే వస్తా."

చెప్పాల్సింది ఏమో నాకు తెలుసు. టీచరమ్మ చేసిన తప్పు చెప్పాల, నాయన చేసింది చెప్పాల, బియ్యం ఏరుకుంటా కూచున్న నా సంగతీ చెప్పాల. పెనుగొండ బస్సులో అంతా వరసగా పేర్చుకుంటా వచ్చినా. దిగేసరికి స్టాండులో బ్యాంకామె కనపడి, "యాడికి పోయింటివక్కా?" అనె.

"ఊరికే" అంటి.